విజయనగరంలో రోటరీ మీటింగ్ జరిగిన హాలు గురించి, 3 స్టార్లు

రోటరీ క్లబ్బు (సేవా సంస్థ) వాళ్ళ మీటింగుకి యూత్ ఎక్స్ఛేంజ్ మీద, అంటే ఒక దేశం పిల్లలు ఇంకో దేశంలో కొన్నాళ్ళు ఉండే ప్రోగ్రాం మీద, వచ్చిన ఫారిన్ పిల్లలు మాట్లాడతారంటే మా బావగారితో గెస్ట్‌గా వెళ్ళాను. ఈ ప్రోగ్రాంలో 15 నుంచి 19 ఏళ్ళ పిల్లలు ఇక్కడి కుటుంబాల ఇళ్ళల్లోనే ఉంటారు, హోటల్ గీటల్ ఏం ఉండదు. పిల్లలు మాత్రం సూపరండి. ఒకమ్మాయి బొబ్బిలి దగ్గర గొల్లపల్లి వెళ్ళి వీణ తయారీ చూసొచ్చిందట, ఒకే పనస దుంగని తొలిచి చేస్తారు కదా, అదంతా ఫొటోలు వేసి మరీ చెప్తుంటే ఇన్నేళ్ళయినా అటు తొంగిచూడని మావాళ్ళు నోరెళ్ళబెట్టి విన్నారు (నాతో సహా). ఆఖర్న వచ్చీరాని తెలుగులో "బావున్నారా" అంటే చప్పట్లే చప్పట్లు.

ఇక హాలు సంగతి. మైకు కుయ్‌మంటూ సగం మాటలు మింగేసింది, ఆపరేటర్ని పిలుద్దామంటే మనిషే లేడు, ఏసీ గాలి వెనక వరసలకి రానేరాదు. భోజనంలో పులిహోర బావుంది గానీ పిల్లల కోసమని కూరల్లో కారం మొత్తం తీసేసి చప్పిడి చేసేశారు, తీరా చూస్తే ఆ పిల్లలే ఆవకాయ అడిగి వేయించుకున్నారు. పార్కింగ్ లేదు, బళ్ళు రోడ్డు మీదే. బుక్ చేసేవాళ్ళు ముందురోజే వెళ్ళి మైకు చూసుకోండి.