విక్టోరియా కాలపు బ్యాలే గౌను: పిక్కల దాకానా, మోకాలి వరకా? ఏది మేలు?

విక్టోరియా రాణి గద్దెనెక్కింది 1837లో, కన్నుమూసింది 1901లో. ఈ 64 ఏళ్ళలో బ్యాలే గౌను అంచు పిక్కల మీది నుంచి మోకాలి పైదాకా ఎక్కింది. అందుకే ‘విక్టోరియా కాలపు బ్యాలే డ్రెస్సు కుట్టాలి’ అని ఎవరైనా వస్తే ముందు అడగాల్సింది కొలతలు కాదు, కథ ఏ దశాబ్దంలో జరుగుతుందో. ఇది అడగకపోతే చివరికి తయారయ్యేది నడుము చుట్టూ పళ్ళెంలా అడ్డంగా నిలబడే టూటూ. లోపల తీగ చుట్టు పెట్టి నిలబెట్టే ఆ టూటూ 20వ శతాబ్దపు సరుకు. 1895లో ఇటలీ డాన్సరు పియెరీనా లెన్యానీ ‘స్వాన్ లేక్’ బ్యాలే ఆడినప్పటి ఫొటోలు చూడండి. గౌను పొట్టిదే అయినా కిందికి వాలి గంటలా ఉంటుంది, ఎక్కడా బల్లపరుపుగా లేదు.

పోటీ రెండింటి మధ్య. ఒకటి 1832లో డాన్సరు మారీ తాల్యోనీ పారిస్ ఒపెరాలో ‘లా సిల్ఫీద్’కు వేసుకున్న తరహా: బిగుతైన పైభాగం, బయటికి కనిపించే భుజాలు, పిక్కల సగానికి దిగే తెల్లటి గంట గౌను. విక్టోరియా పట్టాభిషేకం నాటికి యూరప్ అంతా ఇదే. 1845 జూలైలో లండన్ హర్ మెజెస్టీస్ థియేటర్లో తాల్యోనీ, గ్రీసీ, చెర్రీటో, గ్రాన్ కలిసి ఆడిన ‘పా ద కాత్ర్’ లిథోగ్రాఫుల్లో (రాతి అచ్చు బొమ్మల్లో) ఉన్నదీ ఇదే. రెండోది 1880ల తరహా: మోకాలి దగ్గర ఆగిపోయే, పొరలు ఎక్కువగా ఉన్న పొట్టి గౌను. 1885లో సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్ళిన ఇటలీ డాన్సరు వర్జీనియా జుక్కీ, అక్కడి రాజ థియేటర్ల పద్ధతిని లెక్కచెయ్యకుండా గౌను కత్తిరించుకున్నాక దానికి ఎదురు లేకపోయింది. మధ్యలో 1870లున్నాయి, ఫ్రెంచి చిత్రకారుడు దెగా బొమ్మల్లో కనిపించే మోకాలి కిందికి దిగే గౌను. దాన్ని విడిగా లెక్కపెట్టనక్కర్లేదు, పొడవు దాని కుట్టే దీనికీ సరిపోతుంది.

తీర్పు ముందే చెప్పేస్తే, పదిమందిలో ఎనిమిది మందికి పొడవు గౌనే మేలు. మిగతా ఇద్దరికి మాత్రం అది ఎంతమాత్రం పనికిరాదు. ఎందుకో పాదాల దగ్గర మొదలుపెట్టి చూడాలి.

తాల్యోనీ కాలపు చెప్పు మెత్తటి శాటిన్ జోడు, కింద సన్నటి తోలు అట్ట. ముందు భాగంలో గట్టి డబ్బా ఏమీ లేదు. వేళ్ళ పక్కనా కొసనా సూదిదారంతో రఫ్ఫు చేసుకుని, ఆ కుట్టు బలంతోనూ తమ పాదం బలంతోనూ నిలబడేవాళ్ళు. అందువల్ల వేళ్ళ మీద నిలవడం లిప్తపాటే, ఎక్కి దిగిపోవడమే. పొడవు గౌను దానికి సరిగ్గా కుదిరింది: ప్రేక్షకుడికి పాదం, చీలమండ కనబడితే చాలు, పైన కాలు ఎలా కష్టపడుతోందో కనబడకూడదు. ఆ తర్వాత ఇటలీలో జిగురు, గుడ్డ, కాగితం పొరలతో ముందు భాగం గట్టిపరిచిన ‘పాయింట్’ జోళ్ళు వచ్చాయి. వాటి మీద అమ్మాయిలు నిలబడగలిగారు, గిరగిరా తిరగగలిగారు. 1893లో లెన్యానీ ‘సిండరెల్లా’లో వరుసగా 32 ఫ్వెతేలు (ఒంటికాలి మీద చుట్లు) తిరిగింది. ఆ తిరుగుడులో గాలిలో కొరడాలా విసరాల్సిన కాలు పిక్కల దాకా గౌనుంటే కనబడదు సరికదా, గుడ్డే అడ్డం పడుతుంది. గౌను పొట్టిదయింది షోకు కోసం కాదు, ఆ పని కోసం.

కాబట్టి మీ డాన్సరుకు గట్టి పాయింట్ జోళ్ళ మీద నిలబడి తిరిగే శిక్షణ లేకపోతే పొట్టి గౌను జోలికి పోకండి. ముడుచుకున్న మోకాలు, సరిగ్గా బయటికి తిరగని తొడ, జారిన మేజోడు మడత, అన్నీ బయటపడతాయి. పొడవు గౌను వీటన్నిటినీ దాచిపెడుతుంది. కానీ తిరగడం ఎక్కువైతే దాని దోషం అప్పుడు తెలుస్తుంది. శరీరం ఆగినా గౌను ఆగదు, ఇంకో పావు చుట్టు తిరిగి కాళ్ళకు చుట్టుకుంటుంది, వెంటనే మరో అడుగు వెయ్యాలంటే మడమ అందులో ఇరుక్కుంటుంది. రెండు చుట్లకు మించి పిరౌవెట్ (ఒంటికాలి మీద గిరగిరా తిరగడం) ఉంటే లోపలి పొరలను పైపొర కంటే 5, 6 సెంటీమీటర్లు పొట్టిగా కత్తిరించండి, చాలావరకు తగ్గుతుంది. ఎత్తి పట్టుకునే అడుగులుంటే ఇంకో చిక్కు: గౌను జోడీ డాన్సరు మొహం మీద పడుతుంది, చేతుల కింద నలుగుతుంది. అతని చేతులు ఎక్కడ పడతాయో రిహార్సల్లోనే చూసుకుని ఆ ఎత్తులో పువ్వులూ పూసలూ పెట్టకండి.

ఇక గుడ్డ. అప్పటి పొడవు గౌన్లకు సన్నటి నూలు మస్లిన్, గాజ్ అనే జల్లెడలాంటి పల్చటి గుడ్డ, ఆపైన టార్లటన్ వాడారు. టార్లటన్ అంటే ఎడం ఎడంగా నేసి, గంజి దట్టంగా పట్టించిన నూలు గుడ్డ. కొత్తలో కరకరలాడుతుంది, చెమ్మ తగిలితే వేలాడిపోతుంది, ఉతికితే గంజి పోయి పీలికవుతుంది. అందుకే పొట్టి గౌనుకు పొర మీద పొర అంతగా పేర్చేవాళ్ళు: నిలువునా నిలబెట్టేది ఆ గంజే. ఇవాళ మన ఊళ్ళలో టార్లటన్ అడిగితే దొరకదు. లెహంగాల కింద వేసే క్యాన్‌క్యాన్ నెట్ దొరుకుతుంది, దర్జీలంతా దాన్నే చూపిస్తారు. పొట్టి గౌను లోపలి పొరలకు అది బాగానే పనికొస్తుంది. పొడవు గౌనుకు మాత్రం వద్దు. అంత పొడవున క్యాన్‌క్యాన్ వేస్తే నడిచినప్పుడు గౌను ఊగదు, గంటలా వాలదు, గొడుగు తెరిచినట్టు విచ్చుకుని చప్పుడు చేస్తుంది. దానికి సాఫ్ట్ నెట్ నాలుగు పొరలు, పైన మల్‌మల్ లేదా సన్నటి ఆర్గండీ ఒక పొర చాలు.

ఎంత గుడ్డ పడుతుందో లెక్క ఇలా. పన్నా 150 సెంటీమీటర్లు, పొడవు గౌను 75 సెంటీమీటర్లు అనుకుందాం. ఒక పొర చుట్టుకొలత 6 మీటర్లు కావాలంటే నాలుగు ముక్కలు, అంటే 3 మీటర్ల గుడ్డ. అయిదు పొరలకు 15 మీటర్లు. పొట్టి గౌనుకు పైపొర 45 సెంటీమీటర్లు, కిందికి పోయేకొద్దీ తగ్గుతూ సగటున 35 అనుకుంటే, ఎనిమిది పొరలకు 11 మీటర్ల పైచిలుకు, తప్పులకు కలిపి 12 తెచ్చుకోండి. గుడ్డ పొట్టిదానికే తక్కువ. కూలి మాత్రం దానికే ఎక్కువ, ఎందుకంటే కుచ్చు పట్టాల్సిన గజాలు దాదాపు ఒకటిన్నర రెట్లు.

కుట్టే పద్ధతిలో రెండింటికీ ఒకటే కీలకం: గౌను పొరలను నడుము దగ్గర కుట్టకూడదు. నడుము నుంచి తుంటి మీదికి దిగే 10, 12 సెంటీమీటర్ల పట్టీ ఒకటి గట్టి కాటన్ గుడ్డతో కుట్టి, పొరలన్నీ దాని మీద పెట్టాలి. నడుముకే కుడితే అయిదారు పొరల కుచ్చు అక్కడే చేరి నడుము లావుగా కనబడుతుంది, విక్టోరియా కాలపు రూపం అక్కడే పోతుంది. ఒక్కో పొరకూ అంచు నుంచి 6 మిల్లీమీటర్ల ఎడంతో రెండు వరసల వదులు కుట్టు వేసి, చుట్టును నాలుగు భాగాలుగా గుర్తు పెట్టుకుని లాగండి. ఒకే వరస మీద లాగితే మధ్యలో దారం తెగుతుంది, మళ్ళీ మొదటికి రావాలి. పొరలన్నిటినీ ఒకే గీత మీద కుట్టకుండా ఒక్కోదాన్నీ సెంటీమీటరు కిందికి జరపండి. లేకపోతే తుంటి చుట్టూ తాడు కట్టినట్టు గట్టి గీత తేలుతుంది, సూది కూడా విరుగుతుంది. నెట్ అంచు మడవక్కర్లేదు, పికో అసలే వద్దు, బరువెక్కి అలలు తేలుతుంది.

పైభాగం రెండు తరహాలకూ దాదాపు ఒకటే. ఆరో ఎనిమిదో ముక్కలు, ముందు కొస కిందికి మొనదేలాలి, వెనక నాడా లేదా హుక్కులు. నిలువు పోగు శరీరం పొడవునా ఉండాలి. ముక్కను ఐమూలగా కత్తిరిస్తే చెమటకు సాగి, రెండో ప్రదర్శనకే వదులవుతుంది. వెనక నాడా బిగించినప్పుడు రెండు అంచుల మధ్య 4, 5 సెంటీమీటర్ల ఖాళీ ఉండేలా కొలుచుకోండి. మొదటిరోజే అంచులు కలిసిపోతే తర్వాత బిగించడానికి చోటుండదు. బోన్లు (పైభాగాన్ని బిగువుగా నిలబెట్టే సన్నటి పుల్లలు) పక్కటెముకల కింద ఆగాలి. తుంటి దాకా దించితే ముందుకు వంగినప్పుడు గుచ్చుకుంటాయి.

ఇప్పుడు నిప్పు సంగతి, పొడవు గౌనుకున్న అసలు చెడ్డపేరు ఇదే. గ్యాసు దీపాల కాలంలో వదులుగా ఊగే ఈ గౌన్లు ఎంతమందిని కాల్చాయో. 1844 డిసెంబరులో లండన్ డ్రూరీ లేన్‌లో క్లారా వెబ్‌స్టర్ గౌనుకు మంట అంటుకుంది, మూడు రోజుల్లో చనిపోయింది. 1862 నవంబరులో పారిస్ ఒపెరాలో రిహార్సల్ సమయంలో ఎమ్మా లివ్రీ గౌను అంటుకుంది, ఎనిమిది నెలలు నరకం చూసి 1863 జూలైలో పోయింది, అప్పటికి ఆమెకు 20 ఏళ్ళు. మంట అంటని మందు అప్పటికే ఉంది, ఫ్రాన్సులో దాన్ని వాడాలని 1859లోనే ఆదేశమూ వచ్చింది. కానీ మందు పట్టించిన గుడ్డ మాసినట్టు, బిగుసుకున్నట్టు ఉంటుందని ఆమె ఒప్పుకోలేదు. ఇంగ్లండులో ఇదే పనికి వాడిన అమోనియం సల్ఫేటు చవకే గానీ, వేడి ఇస్త్రీకి ఓర్చుకోదు. ఇస్త్రీకి నిలిచింది సోడియం టంగ్‌స్టేట్. 1881లో లండన్ సావోయ్ థియేటర్లో విద్యుద్దీపాలు వెలిగి, మిగతా థియేటర్లూ ఆ దారి పట్టాకే ఈ భయం తగ్గింది.

ఇవాళ కూడా వేదిక మీద దీపం, కొవ్వొత్తి ఉంటే పొడవు గౌను వద్దని చెప్పడమే మంచిది. మల్‌మల్ లాంటి నూలు గుడ్డకైతే 2 లీటర్ల వేడి నీళ్ళలో 200 గ్రాముల బోరాక్సు, 85 గ్రాముల బోరిక్ యాసిడ్ కరిగించి ముంచి ఆరబెట్టొచ్చు. ఉతికితే పోతుంది, మళ్ళీ పట్టించాలి. నైలాన్ నెట్‌కు ఈ ద్రావణం పనిచెయ్యదు, అది కరిగి ఒంటికి అంటుకుంటుంది కాబట్టి నూలు కంటే ప్రమాదం. ఏ గుడ్డకైనా ఒక పీలిక కత్తిరించి ఆరుబయట, పక్కన నీళ్ళు పెట్టుకుని, పట్టకారుతో పట్టుకుని అంటించి చూశాకే నమ్మండి.

రంగు విషయంలో తెలుపుకే కట్టుబడక్కర్లేదు. డాన్సరు ఫానీ ఎల్స్‌లర్ 1836లో ‘కచూచా’ అనే స్పెయిన్ నాట్యం ఆడింది గులాబీ శాటిన్ మీద నల్ల లేసు వేసుకునే. 1880ల నుంచి లండన్ లెస్టర్ స్క్వేర్‌లోని ఎంపైర్, ఆల్‌హంబ్రా వేదికలు రంగురంగుల బ్యాలేలతోనే నిండేవి. పొట్టి గౌను ఎంచుకుంటే ఈ స్వేచ్ఛ ఎక్కువ, ఎందుకంటే తెల్లని ఆత్మలూ వనదేవతలూ ఆ కాలానికి పాతబడ్డాయి.

ఈ రెండూ కుదరనివాళ్ళకు మూడోది ఒకటుంది, కేట్ వాన్ లండన్ గేయిటీ థియేటర్లో పేరు తెచ్చిన స్కర్ట్ డాన్సు. మామూలు మడమ జోళ్ళు, పాదాల దాకా వదులు గౌను, చేతులతో దాన్ని ఊపడం. పాయింట్ జోళ్ళ శిక్షణ అక్కర్లేదు. కానీ దానికి సన్నటి సిల్కు 12 నుంచి 15 మీటర్లు కావాలి, బరువైన పాలిస్టర్ గాలిలో తేలక రాయిలా పడిపోతుంది, కాబట్టి చవక అనుకుని దాంట్లోకి దిగకండి.

మరో సంగతి, ప్రదర్శన అయ్యాక ఎలా దాచాలో. పొట్టి గౌనును తలకిందులుగా, పట్టీని క్లిప్పులతో పట్టి వేలాడదీస్తే పొరలు మళ్ళీ విచ్చుకుంటాయి. పొడవు గౌనును అలా పెడితే కుచ్చు తిరగబడి మడతలు పడతాయి, దాన్ని మామూలుగానే వేలాడదీసి పైన పాత కాటన్ చీర కప్పండి. నైలాన్ పొరలకు ఆవిరి పట్టండి, ఇస్త్రీ పెట్టె నేరుగా ఆనించారంటే అక్కడే కన్నం.