హంపి: ఎక్కడ నడవాలి, ఎక్కడ సైకిల్ తొక్కాలి

హంపిని ఆటోలో చుట్టేసి వచ్చినవాళ్లని అడగండి. విరూపాక్షుడి గుడి, రాతిరథం, లోటస్ మహల్ అంటారు. తుంగభద్ర ఒడ్డున కోదండరాముడి గుడి నుంచి విఠల ఆలయం దాకా పోయే కాలిబాట ఊసెత్తరు, అటు ఆటో పోదు కాబట్టి. నన్నడిగితే హంపిలో మొదటి మార్కు ఆ బాటకే.

మొత్తం రెండు కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. హంపి బజారు తూర్పు కొసన ఎడమకి తిరిగితే బండల మధ్య నుంచి దారి పడుతుంది. చక్రతీర్థం దగ్గర పుట్టివాళ్లు పిలుస్తారు. బేరం ఎక్కకముందే తేల్చుకోండి. నీళ్లు నిదానంగా కనిపిస్తాయిగానీ సుడులున్న చోటు, ఈతకి దిగొద్దు. ఇంకొంచెం ముందుకెళ్తే సుగ్రీవుడి గుహ. పక్కనే నేల బండ మీద పొడుగాటి చారలుంటాయి. రావణుడు ఎత్తుకుపోతుంటే సీతమ్మ చీర చెరగు ఒరుసుకున్న గుర్తులని అక్కడివాళ్ల మాట. పురందర మంటపం దగ్గర నదిలోకి చూస్తే పాత వంతెన తాలూకు రాతి స్తంభాలు వరసగా నిలబడి ఉంటాయి. పైన నడిచే దారి ఎప్పుడో పోయింది, కింది కాళ్లు మిగిలాయి. నేను ఎక్కువసేపు కూర్చున్నది అక్కడే.

పొద్దున్నే బయల్దేరితే గేటు తీసే వేళకి విఠల ఆలయానికి చేరతారు. అటు రోడ్డు వైపు కార్లు ఆపి బ్యాటరీ బండి కోసం క్యూ కట్టేవాళ్లు రాకముందే రాతిరథం దగ్గర మీరుంటారు. 50 రూపాయల నోటు వెనక ఉన్నది అదే. టికెట్ పారేయకండి. అదే రోజు జెనానా ఆవరణకీ (లోటస్ మహల్ ఉన్న చోటు), కమలాపురం మ్యూజియానికీ అదే పనికొస్తుంది. సంగీత స్తంభాలు మోగించి చూద్దామనుకుంటే ఆ ఆశ వదులుకోండి, తాకనివ్వరు.

సైకిల్ పని రాజప్రాసాదాల వైపు. అక్కడ కట్టడాలు దూరదూరంగా ఉంటాయి, నడిస్తే ఎండకి ప్రాణం పోతుంది, రోడ్డేమో చాలావరకు చదును. అద్దె సైకిళ్లు విరూపాక్ష గుడి చుట్టుపక్కల దొరుకుతాయి. ఎక్కువ భాగం గేర్లు లేని పాత బళ్లే. నాకిచ్చినదానికి వెనక బ్రేకు పేరుకే ఉంది. హేమకూటం కొండ పక్కనుంచి కృష్ణాలయం వైపు దిగేటప్పుడు చెప్పులే బ్రేకులయ్యాయి. తీసుకునేముందు అక్కడే ఒక చుట్టు తొక్కి చూడండి, టైర్లలో గాలి నొక్కి చూడండి.

కృష్ణాలయం దగ్గర మనవాళ్లు కాసేపు ఆగాలి. కృష్ణదేవరాయలు మన ఉదయగిరి కోట గెలిచి, అక్కడి బాలకృష్ణుణ్ణి తెచ్చి ప్రతిష్ఠించింది ఇక్కడే. విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. గర్భగుడి ఖాళీ. ఇంకొంచెం ముందుకెళ్తే 1528 నాటి ఉగ్ర నరసింహుడు.

మహానవమి దిబ్బ అనే ఎత్తైన రాతి వేదిక పక్కన మెట్ల పుష్కరిణి ఉంది. నల్లరాళ్ల మీద చెక్కిన చిన్న చిన్న అక్షరాలూ అంకెలూ వెతకండి. ఏ రాయి ఏ వైపు, ఎన్నో వరసలో పెట్టాలో పనివాళ్లు వేసుకున్న గుర్తులవి. ఇక రాణుల స్నానాగారం, ఏనుగు సాలలు ఫోటోల్లో చూసినట్టే ఉంటాయి. మధ్యాహ్నం పన్నెండు దాటాక ఈ వైపు తిరగడం శిక్షే. చెట్టు నీడ తక్కువ, బండలు సెగ కక్కుతాయి. ఆ వేళకి విరూపాక్ష గుడి లోపలికి వెళ్లిపోండి. వెనక వైపు చీకటి గదిలో చిన్న కంత గుండా తూర్పు గోపురం నీడ గోడ మీద తలకిందులుగా పడటం చూడొచ్చు.

బసకి నా ఓటు హంపి ఊళ్లో ఇళ్లకే. గదులు ఇరుకు, కరెంటు పోతుంటుంది, నీసు గానీ మందు గానీ దొరకదు. అయినా తెల్లారి లేచి కాలిబాట పట్టడానికి ఇంతకంటే దగ్గర లేదు. పిల్లలూ పెద్దవాళ్లూ వెంట ఉంటే మాత్రం హొసపేటే నయం. ఏసీ గదులు, మంచి భోజనం, స్టేషను అన్నీ అక్కడే. అక్కణ్ణించి హంపికి పదమూడు కిలోమీటర్లు, రానూపోనూ బస్సో ఆటోనో చూసుకోవాలి. విజయవాడ, గుంటూరు వైపు నుంచి వచ్చేవాళ్లకి అమరావతి ఎక్స్‌ప్రెస్ నేరుగా హొసపేటలో దింపుతుంది.

నది అవతల ఆనెగొంది, సాణాపురం వైపు వరిచేల మధ్య రోడ్లు సైకిల్‌కి అద్భుతం. అక్కడి అంజనాద్రి కొండకి 575 మెట్లు, అవి కూడా పొద్దున్నే ఎక్కాలి. ఒక్క రోజే ఉన్నవాళ్లు అటు పోవద్దు, రెండు ఒడ్లూ సగం సగం చూసి తిరిగొస్తారు. రెండో రోజు ఉంటే ఆ రాత్రి ఆ ఒడ్డునే బస పెట్టుకోండి.