బేరింగ్ మార్చిన బిల్లు చూపిస్తే నమ్మకండి, నేను నమ్మి మునిగాను

ఇంకా కోపం దిగలేదు, రాతలో తప్పులుంటే సర్దుకోండి. పాత పోర్షే బాక్‌స్టర్ కారు కోసం ఎవరైనా వెతుకుతుంటే ముందు ఇది చదవండి, ఆ తర్వాతే ఎవరికైనా అడ్వాన్స్ ఇవ్వండి.

నాకు కారు అమ్మినాయన పేరు రాయను. రాయాల్సిన పని కూడా లేదు, మీలో చాలామందికి ఇప్పటికే అర్థమై ఉంటుంది. ప్రతి కారునీ అదే నల్ల షట్టర్ ముందు నిలబెట్టి, సాయంత్రపు ఎండలో ఫొటో తీసే పెద్దమనిషి. కింద ఎప్పుడూ ఒకటే మాట, "డాక్టరు గారి కారు, ఒకే చెయ్యి". లోకంలో డాక్టర్లందరూ కార్లు తెచ్చి ఈయనకే అమ్ముకుంటున్నట్టున్నారు.

సంగతి గబగబా చెప్పేస్తాను. ఏడేళ్ళు కూడబెట్టిన డబ్బు. కొత్తది మన వల్ల కాదు, పోర్షే 911 కలలో మాట. బీఎండబ్ల్యూ ఈ46 ఎం3 చూశాను కానీ, వెనక సబ్‌ఫ్రేమ్ బిగించే చోట ఫ్లోర్ రేకు చిట్లుతుందని చదివి వదిలేశాను. ఆడి టీటీ నడిపి చూశాను, మనసు పట్టలేదు. చివరికి 986 దగ్గర ఆగాను. 1996 నుంచి 2004 దాకా తయారైన మొదటి తరం బాక్‌స్టర్. మనిషి వీపు వెనకే ఇంజన్, టాప్ తీస్తే ఆకాశం. పోర్షే బ్యాడ్జి ఉన్నవాటిలో నా జేబుకు అందేది అదొక్కటే.

ఏమీ తెలియకుండా కొన్నానని మాత్రం అనుకోకండి. అదే నా బాధ. మూడు నెలలు కూర్చుని చదివాను. ఈ ఇంజన్‌లో ఐఎంఎస్ (ఇంటర్మీడియట్ షాఫ్ట్) బేరింగ్ ఒకటి ఉంటుందనీ, క్రాంక్ నుంచి వాల్వుల వైపు తిప్పుడు చేరవేసే షాఫ్టుకి ఒక చివర అదే ఆధారమనీ, దాని సీల్ పాడైతే లోపలి గ్రీజు కొట్టుకుపోయి బేరింగ్ గుండ్లు అరుగుతాయనీ, అది విరిగితే టైమింగ్ తప్పి పిస్టన్లు వెళ్ళి వాల్వులకు కొట్టుకుంటాయనీ నాకు కంఠతా వచ్చు. అమెరికాలో దీని మీద వేసిన కేసు 2013లో సెటిల్మెంట్‌తో ముగిసిందనీ, ఒంటి వరస బేరింగ్ ఉన్న ఇంజన్లలో సుమారు 8 శాతం, అంతకు ముందు వచ్చిన రెండు వరసల వాటిలో 1 శాతం లోపు పాడైనట్టు ఆ కేసులో లెక్క తేలిందనీ కూడా తెలుసు. అడిగితే అర్ధరాత్రి లేచి చెప్పేవాణ్ణి. ఇందులో కంపెనీని తిట్టడానికేమీ లేదు. ఎన్నో ఏళ్ళుగా అందరికీ తెలిసిన బలహీనత అది, తెలిసే కొంటాం. బేరింగ్ మార్చిన కారైతే కాస్త ఎక్కువిచ్చి మరీ కొంటాం. సరిగ్గా ఆ "ఎక్కువ" మీదే ఈ పెద్దమనిషి బతుకుతున్నాడు.

నేను వెళ్ళేసరికి కారు స్టార్ట్ చేసి ఉంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి ఆ మొదటి అర నిమిషం వినాలని నేను చదివిన ప్రతి చోటా ఉంది. అదే అడిగాను. "మీరు ఎండన పడి వస్తారని ఏసీ వేసి ఉంచానన్నా" అన్నాడు. చూశారా మర్యాద! నేను ఉబ్బిపోయాను. నాకోసం ఏసీ వేసి ఉంచిన మనిషి ఈ భూమ్మీద మా ఆవిడ తర్వాత ఈయనే.

తెలియని వాళ్ళ కోసం ఒక మాట. బాక్‌స్టర్‌లో ముందు బోనెట్ ఎత్తితే సామాను పెట్టుకునే గుంట, వెనక డిక్కీ ఎత్తితే మరో గుంట. ఇంజన్ ఎక్కడా కనపడదు. ఆయిల్ పోసే మూత, కూలంట్ మూత డిక్కీలో ఉంటాయి, మన దర్శనానికి ఇచ్చింది అంతే. అమ్మేవాడికి ఇంతకంటే అనువైన కారు ఉంటుందా? కడిగి ఆరబెట్టిన డిక్కీ చూసి "అబ్బ, ఎంత నీట్‌గా ఉంచారు" అన్నాను. ఆ మాట నేనే అన్నాను.

తెలిసిన మెకానిక్‌కి చూపిస్తానంటే అడ్డు చెప్పలేదు. "తప్పకుండా తెచ్చుకోండి అన్నా, మంచి పని. కాకపోతే సాయంత్రం ఇంకొకాయన డబ్బు పట్టుకుని వస్తున్నాడు, ఆయన్ని ఆపడం నా వల్ల కాదు" అన్నాడు. ఈ మాట నమ్మే వాళ్ళుంటారా అని నేనే ఇంతకు ముందు ఒకరిని ఎగతాళి చేశాను. ఉంటారు. నిలబడి నమ్మాను.

అప్పుడు తీశాడు బిల్లు. ప్లాస్టిక్ కవరులో పెట్టి, రెండు చేతులా అందించాడు. క్లచ్, వెనక మెయిన్ సీల్, ఐఎంఎస్ బేరింగ్, మూడూ ఒకేసారి మార్చినట్టుంది. గేర్‌బాక్స్ దించితే గానీ ఆ మూడూ అందవు, అందుకే తెలిసిన ఓనర్ మూడూ కలిపే చేయిస్తాడు. ఇది చదివిన వాణ్ణి కదా, ఆ మూడు లైన్లూ కనపడగానే కళ్ళు చల్లబడ్డాయి. మొత్తం ఎంతైందో చూశాను. తేదీ చూశాను. కింద వర్క్‌షాప్ ముద్ర చూశాను. చూడాల్సిన లైను ఒక్కటి తప్ప అన్నీ చూశాను.

కొన్న తొమ్మిదో రోజు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే డబ్బాలో మేకులు ఆడించినట్టు చప్పుడు. వేడెక్కాక తగ్గింది. మర్నాడూ అంతే. ఎలాగూ ఆయిల్ మార్చాలి కదా అని మా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఫిల్టర్ తీసి, ఆ కాగితం మడతల్ని బ్లేడుతో కోసి బల్ల మీద పరిచి, టార్చి వేశాడు. తళతళ. ఎవరో మెరుపు పొడి చల్లినట్టు ఉంది. అయస్కాంతం తెచ్చి పెడితే అంటుకుంది. అల్యూమినియం అయితే అంటుకోదట, ఇది ఉక్కు.

"బేరింగ్ మార్చారా సార్?"

గర్వంగా బిల్లు తీసిచ్చాను. ఆ గర్వం తలచుకుంటే ఇప్పుడు కూడా చెవులు వేడెక్కుతున్నాయి. ఆయన బిల్లు పట్టుకుని ముందు అద్దం దగ్గరికి నడిచాడు. అద్దం కింద మూలన చాసిస్ నంబర్ కనపడుతుంది కదా, పదిహేడు అక్షరాలు. బిల్లు మీద ఒక వేలు, అద్దం మీద ఒక వేలు పెట్టి ఒక్కోటీ పోల్చుకుంటూ పోయాడు. మొదట్లో అన్నీ కలిశాయి, కలవక ఏమవుతాయి, అదే మోడలు. చివర్లో వేలు ఆగింది. మళ్ళీ మొదటి నుంచి చూశాడు. నా మొహం చూడకుండానే అన్నాడు, "సార్, ఇది ఈ కారు బిల్లు కాదు."

అంటే బిల్లు దొంగది కాదు. నిఖార్సైన బిల్లు. వేరే బాక్‌స్టర్‌ది. ఎవరో బుద్ధిమంతుడు తన కారుకి చేయించుకున్న పని, నా కారుకి చేసినట్టు చూపించి నా దగ్గర డబ్బు తీసుకున్నారు.

అక్కడే నిలబడి అమ్మినాయనకి ఫోన్ చేశాను. నాకన్నా పదేళ్ళు చిన్నవాడై ఉంటాడు. కొనే రోజు వరకు "అన్నా, మీరు, రండి, కూర్చోండి". విషయం చెప్పాను, అరవకుండా. అవతల రెండు క్షణాలు మౌనం. తర్వాత ఇలా వచ్చింది, ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను:

"చూడు, కాగితం నీ చేతిలోనే పెట్టాను. నువ్వే చూసుకున్నావ్. చదవడం రాకపోతే నేనేం చెయ్యను?"

నువ్వు. డబ్బు బ్యాంకులో పడిన తొమ్మిది రోజులకి మీరు కాస్తా నువ్వు అయ్యాను. నిజం చెప్తున్నా, ఆ క్షణంలో ఇంజన్ కంటే ఆ మాటే ఎక్కువ కాల్చింది. పైగా ఆ మాటలో అబద్ధం లేదు చూడండి, కాగితం నా చేతిలోనే పెట్టాడు. చప్పుడు సంగతి చెబితే, "స్పోర్ట్స్ కారు చప్పుడు చెయ్యకపోతే ఇంకేం చేస్తుంది, నిద్ర కావాలంటే ఉయ్యాల కొనుక్కోవాల్సింది" అన్నాడు.

ఏం మాట్లాడాలో తోచక అలాగే ఉన్నాను. ఇంతలో ఆయన గొంతు ఉన్నట్టుండి మెత్తబడింది. "ఒక్క నిమిషం అన్నా, కూర్చోండి, ఇప్పుడే వచ్చేస్తున్నా" అన్నాడు. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఒక్క క్షణం అది నాతోనే అన్నాడనుకున్నాను. మనసు మార్చుకున్నాడేమో అని "సరే సరే" అని కూడా అన్నాను. అది నాతో కాదు. ఆ షట్టర్ ముందు ఇంకో అన్న కూర్చుని ఉన్నాడు. ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత నా నంబర్ కలవడం లేదు.

కేసు పెట్టొచ్చు కదా అంటారు. అడిగాను. మేం రాసుకున్న కాగితంలో "ఉన్నది ఉన్నట్టుగా, చూసుకుని తీసుకుంటున్నాను" అని ఉంది. కింద నా సంతకం, చక్కటి దస్తూరీ. అయినా పోరాడతాను, అది వేరే సంగతి.

ఇంతటితో అయిపోలేదు. మెకానిక్ సీటు కింద కార్పెట్ నొక్కితే వేళ్ళ సందుల్లోంచి నీళ్ళొచ్చాయి. టాప్ మడతపడే చోట నీళ్ళు పోయే రంధ్రాలు ఉంటాయి, అవి చెత్తతో మూసుకుపోతే నీళ్ళన్నీ కారులోకే. తాళం, అలారం చూసుకునే యూనిట్ కూడా సరిగ్గా ఆ సీటు కిందే ఉంటుంది. కొనే రోజు కారులో గుప్పుమన్న సెంటు వాసన ఎందుకో అప్పుడర్థమైంది. నేనది డాక్టరు గారి అభిరుచి అనుకున్నాను.

ఇంజన్ దించి విప్పితే గానీ ఎంత దాకా పాడైందో చెప్పలేమన్నారు. ఉజ్జాయింపుగా చెప్పిన ఖర్చే కారుకి పెట్టిన దాంట్లో సగం దాటింది. ఇక్కడ ఇంకో మూర్ఖత్వం కూడా ఒప్పుకోవాలి. ఉన్న డబ్బంతా కారుకే పెట్టేశాను, రిపేరుకని రూపాయి మిగల్చలేదు. పాతబడిన కొద్దీ కారు ధర దిగుతుంది కానీ స్పేర్ పార్టు ధర దిగదు, అది కొత్తలో కారు ఏ స్థాయిదో ఆ స్థాయిలోనే ఉంటుంది. ఈ ముక్క కూడా చదివాను. చదివి, పక్కన పెట్టాను.

సరే, కొనేవాళ్ళకి నాలుగు ముక్కలు, వింటే వినండి. బిల్లు చూపిస్తే ముందు చాసిస్ నంబర్ చూడండి, మిగతాది తర్వాత. ఆ బిల్లు మీది వర్క్‌షాప్‌కి ఫోన్ చేసి నంబర్ చెప్పి అడగండి, రెండు నిమిషాల పని. మీరు వెళ్ళేసరికి ఇంజన్ వేడిగా ఉంటే నవ్వుతూ మాట్లాడి వెనక్కి వచ్చేసి, చెప్పకుండా మర్నాడు పొద్దున్నే వెళ్ళండి. ఫిల్టర్ కోసి చూడనివ్వకపోతే ఆ కారు వద్దు. కార్పెట్ చేత్తో నొక్కండి. 2.5 లీటర్ల ఇంజన్ అయినా 2.7 అయినా 3.2 ఎస్ అయినా ఇదే వరస. సాయంత్రం డబ్బు పట్టుకుని వచ్చే ఆ ఇంకొకాయన్ని రానివ్వండి, కారు ఆయన్నే తీసుకోనివ్వండి.

నిన్న రాత్రి నిద్ర పట్టక చూస్తే అదే నల్ల షట్టర్ ముందు కొత్త ఫొటోలు. ఈసారి వెండి రంగు బాక్‌స్టర్. కింద "ఐఎంఎస్ మార్చాం, బిల్లు ఉంది" అని రాశాడు. నా కవరు తీసి ఇంకోసారి చూసుకున్నాను. నాకిచ్చింది కలర్ జిరాక్స్.