బర్న్, అల్ట్: స్కాట్లాండ్ వాగుకు రెండు పేర్లు

స్కాట్లాండ్ మ్యాపులో వాగు పక్కన ‘బర్న్’ అని ఉంటే అది పాత ఇంగ్లిష్ నుంచి అక్కడి భాష స్కాట్స్‌లో నిలిచిన మాట. ‘అల్ట్’ అని ఉంటే అక్కడి మరో భాష గేలిక్‌ది; హైలాండ్స్ కొండల్లో ఇదే ఎక్కువ. బెన్ నెవిస్ పర్వతం కింద పారే అల్ట్ ఎ వూలిన్ అంటే మిల్లు వాగు. అక్కడి విస్కీకి నీళ్లు దానివే.

వాడుకలో మాత్రం బర్న్‌దే పైచేయి. 1314లో స్కాట్లాండ్, ఇంగ్లండ్ మధ్య యుద్ధం జరిగిన బానక్‌బర్న్ పేరులోనూ ఉంది. గోల్ఫ్ అభిమానులకైతే 1999 బ్రిటిష్ ఓపెన్ టోర్నీ చాలు: కార్నూస్టీ మైదానంలో చివరి హోల్‌కు మూడు షాట్ల ఆధిక్యంతో వచ్చిన ఫ్రెంచ్ ఆటగాడు వాన్ డి వెల్డె, బంతి బ్యారీ బర్న్‌లో పడితే బూట్లు, సాక్సులు విప్పి నీళ్లలోకి దిగాడు. ఆ హోల్‌కు ఏడు షాట్లయ్యాయి. ఆధిక్యం పోయి స్కోర్లు సమమయ్యాయి. పాపం, విజేతను తేల్చే ప్లేఆఫ్‌లో ట్రోఫీ కూడా పోయింది.