పిల్లల సర్జరీ ఎమర్జెన్సీ: అయిదుకి నాలుగు స్టార్లు

మా పాపకి పదకొండేళ్లు, ఇంకా పెద్దమనిషి కాలేదు. కుడివైపు పొత్తికడుపు పట్టుకుని ముడుచుకుపోయి వాంతులు చేసుకుంటుంటే అపెండిక్స్ అనే అనుకున్నాం. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్ మాత్రం నొప్పి ఉన్నట్టుండి వచ్చిందా, తగ్గి మళ్లీ వస్తోందా అని గుచ్చి గుచ్చి అడిగి, "అండాశయం మెలిపడిందేమో చూడాలి" అన్నారు. ఈ వయసులోనా! సిస్టులాంటిది ఏదీ లేకపోయినా పిల్లల్లో అలా జరగొచ్చట. నొప్పికి ఇంజెక్షన్ వెంటనే ఇచ్చారు, పరీక్షలయ్యేదాకా ఓర్చుకోమనలేదు.

విసుగొచ్చింది స్కానింగ్ దగ్గరే. కడుపు మీద నుంచి చేసే స్కాన్‌కి మూత్రాశయం నిండాలని సిబ్బంది నీళ్ల సీసా చేతికిచ్చారు. వాంతులవుతున్న పిల్లకి, పైగా ఆపరేషన్ ఉండొచ్చంటున్న పిల్లకి! సర్జన్ ఫోన్‌లో కసిరాక సెలైన్ ఎక్కించారు. అప్పటికే బోలెడంత టైమ్ వృథా.

రిపోర్టులో కుడి అండాశయం బాగా ఉబ్బిందనీ, డాప్లర్‌లో (రక్తం పారుతోందో లేదో చూపించే స్కాన్) రక్తప్రసరణ కనిపిస్తోందనీ రాశారు. రక్తం ఆడుతోంది కదా అని మేం ఊపిరి పీల్చుకున్నాం. సర్జన్ ఒప్పుకోలేదు. అండాశయానికి రక్తం రెండు దారుల్లో వస్తుందట. మెలిపడితే ముందు నొక్కుకుపోయేవి సిరలు, ధమనుల వంతు తర్వాత. అందుకని డాప్లర్ బాగున్నా మెలి లేదనడానికి లేదు, కెమెరాతో లోపల చూస్తేనే ఖాయమన్నారు. తెల్లారేదాకా చూద్దామని మావారు అడిగితే, ఆగేకొద్దీ అండాశయం దెబ్బతింటుందని చెప్పి అప్పటికప్పుడే లాపరోస్కోపీకి తీసుకెళ్లారు.

నిజంగానే రెండు చుట్లు తిరిగి ఉంది. విప్పాక ఫొటో చూపించారు, నల్లగా కమిలిపోయింది. తీసేయాలంటారేమోనని నాకు ఒకటే టెన్షన్. "రంగు చూసి తీసేయకూడదమ్మా, విప్పి వదిలేస్తే చాలావరకు కోలుకుంటాయి" అన్నారావిడ. అమెరికా గైనకాలజిస్టుల కాలేజీ 2019లో ఇచ్చిన సలహా కూడా ఇదేనని తర్వాత చదివాను. కొన్ని వారాలయ్యాక మళ్లీ స్కాన్ చేస్తే వాపు పోయింది, లోపల చిన్న చిన్న ఫాలికిల్స్ (అండాలుండే బుడగలు) కూడా కనిపించాయి. ఆ నిర్ణయానికే నాలుగు స్టార్లు.

అయిదోది ఎందుకివ్వలేదంటే, నీళ్ల సీసా ఒకటి, డిశ్చార్జ్ కాగితం ఇంకొకటి. మళ్లీ మెలిపడొచ్చనీ, రెండో వైపు కూడా రావచ్చనీ అందులో ఎక్కడా లేదు. నేను అడిగాక నర్సు పెన్నుతో రాసిచ్చింది.