కార్లు లేని 13 మైళ్లు: లోఖ్ కాట్రిన్ ఒడ్డు రోడ్డు

స్కాట్లాండ్‌లోని గ్లాస్గో వచ్చిన మూడో ఏడు ఒక తెల్ల వ్యాన్ నా మోచేతికి జానెడు దూరంలోంచి దూసుకుపోయింది. కింద పడలేదు గానీ, సైకిల్ పక్కకు ఆపేసి పేవ్‌మెంట్ మీద కూర్చుని పది నిమిషాలు వణికాను. సైకిల్‌ని దాటేటప్పుడు కనీసం ఒకటిన్నర మీటర్లు వదలాలని 2022 నుంచి ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్‌లో ఉంది. ఆ వ్యాన్ మనిషి అది చదివినట్టు లేదు. నెల తిరక్కుండానే సైకిల్ అమ్మేశాను.

మళ్లీ తొక్కాలనిపించింది పోయిన ఏడాది. మా అమ్మాయికి పదకొండేళ్లు వచ్చాయి, దాని పక్కన నేనూ ఉండాలని. షరతు ఒక్కటే: కార్లు ఉండకూడదు. అలా మూడు చోట్లకి వెళ్లాం. ఇప్పుడు రాస్తున్నది ముఖ్యంగా మూడోదాని గురించి. మిగతా రెండూ మంచివే, కానీ మనసు ఇక్కడే ఆగిపోయింది.

లోఖ్ అంటే ఇక్కడ సరస్సు. లోఖ్ కాట్రిన్ గ్లాస్గోకి ఉత్తరాన ట్రాసక్స్ కొండల మధ్య ఉంది. తూర్పు కొసన ట్రాసక్స్ పియర్ అనే రేవు. అక్కణ్ణుంచి ఉత్తరం ఒడ్డు వెంబడి, సరస్సు తల (పై కొస) చుట్టూ తిరిగి, పడమటి వైపున్న స్ట్రోనక్లాకర్ దాకా ఒక తారు రోడ్డు వెళ్తుంది. సుమారు 13 మైళ్లు. ఈ రోడ్డు నీటి సరఫరా సంస్థ స్కాటిష్ వాటర్ వాళ్లది, బయటి కార్లను రానివ్వరు. నడిచేవాళ్లూ సైకిళ్లవాళ్లూ మాత్రం హాయిగా వెళ్లొచ్చు. అక్కడ నివసించే కొద్దిమంది బండ్లు, సిబ్బంది బండ్లు అప్పుడప్పుడూ వస్తాయి. ఆ రోజంతా మాకు ఎదురైనవి రెండు. అందులో ఒకటి తెల్ల వ్యానే! నన్ను చూసి ముందే పక్కకు ఆగి, మేం ముగ్గురం దాటేదాకా కదల్లేదు. చెయ్యి ఊపాను. లోపల మాత్రం గుండె దడదడలాడుతూనే ఉంది.

ఇంత మంచి రోడ్డు ఇంత ఖాళీగా ఎందుకుందో తెలిశాక నాకు ఇంకా నచ్చింది. గ్లాస్గో తాగే నీళ్లు ఇవే. కలరాలతో అల్లాడిన నగరం కోసం బేట్‌మన్ అనే ఇంజనీరు ఈ సరస్సు నీళ్లను కాలువలు, సొరంగాల గుండా 26 మైళ్లు నడిపించాడు. పంపుల్లేవు, వాలు మీదే పారతాయి. 1859లో విక్టోరియా రాణి వచ్చి ప్రారంభించింది. నీళ్లు చేరేది గ్లాస్గో శివారులోని మల్‌గైకి (రాసేటప్పుడు మిల్న్‌గావీ అని రాస్తారు, పలికేది మాత్రం ఇలా, కొత్తలో నేను బస్సు డ్రైవర్ ముందు నవ్వులపాలయ్యాను). తాగునీటి సరస్సు కాబట్టి చుట్టూ ఊళ్లు పెరగలేదు, హోటళ్లు రాలేదు. నీళ్లు పాడవకూడదని కొండల మీది గొర్రెలను కూడా తీసేశారు. మిగతా స్కాట్లాండ్ రోడ్ల మీద ప్రతి మలుపులో ఒక గొర్రె నిలబడి మనల్ని తప్పు చేసినవాళ్లలా చూస్తుంది, ఇక్కడ అది లేదు.

"అమ్మా, మన కుళాయిలో నీళ్లు ఇవేనా?" అని అడిగింది మా అమ్మాయి. అవునన్నాను. "అయితే ఇందులో ఉమ్మకూడదు," అని వాళ్ల నాన్నకు చెప్పింది. ఆయనకి ఆ అలవాటేమీ లేదు పాపం.

ఇక అసలు విషయం, తొక్కడం ఎలా ఉంటుందని. కార్లు లేవంటే సులువని అనుకోకండి. నేను అలాగే అనుకుని వెళ్లాను. సరస్సు ఒడ్డు కదా, చదునుగానే ఉంటుందనుకున్నాను. రోడ్డు మిట్టలూ పల్లాలూగా ఎత్తుతూ దించుతూనే ఉంటుంది. పెద్ద కొండేమీ కాదు, కానీ ఒకటి ఎక్కి ఊపిరి పీల్చుకునేలోపు ఇంకొకటి. రెండు చోట్ల దిగి సైకిల్ నడిపించాను, సిగ్గేమీ లేదు. మా అమ్మాయి మాత్రం ముందుకెళ్లి పైన నిలబడి నా కోసం ఎదురుచూసింది. గేర్లు బాగా ఉన్న హైబ్రిడ్ సైకిలైతే చాలు. తారు బాగుంది కనుక సన్నటి టైర్ల రోడ్ బైక్‌కి కూడా ఇబ్బంది లేదు. పల్లంలో మాత్రం జాగ్రత్త, తడి ఆకులుంటాయి, మలుపు తిరగ్గానే నడిచేవాళ్లు గుంపుగా ఎదురొస్తారు. గంట కొట్టండి, మొహమాటపడకండి.

మాకు ఉపయోగపడిన ఉపాయం ఒకటి చెబుతాను. పొద్దున్నే ట్రాసక్స్ పియర్‌లో సైకిళ్లతో సహా పడవెక్కి స్ట్రోనక్లాకర్‌లో దిగి, అక్కణ్ణుంచి వెనక్కి తొక్కుకుంటూ రండి. గాలి ఎక్కువగా పడమటి నుంచి వస్తుంది, కాబట్టి ఒడ్డు వెంబడి వచ్చేటప్పుడు వీపున తోస్తుంది. అదీకాక చివరి పడవ తప్పిపోతుందేమోనన్న టెన్షన్ ఉండదు. రెండు వైపులా తొక్కితే 26 మైళ్లు, ఆ మిట్టలతో అది నా వల్ల అయ్యే పని కాదు. దక్షిణం ఒడ్డు వెంబడి చివరిదాకా రోడ్డు లేదు. అబర్‌ఫాయిల్ ఊరి మీదుగా గుండ్రంగా తిరిగి రావచ్చు గానీ ఆ దారిలో కార్లుంటాయి, పైగా చివర్లో డ్యూక్స్ పాస్ అనే కొండ ఎక్కాలి. నాకొద్దు.

పడవలో సైకిళ్లకు ముందే బుక్ చేసుకోవాలి. మేం మొదటిసారి చేసుకోలేదు, వెళ్లిన రోజు సైకిళ్లకు చోటు లేదు. ఉత్త చేతులతో కాఫీ తాగి ఇంటికొచ్చాం. తప్పు మాదే. ఈ రేవు నుంచే సర్ వాల్టర్ స్కాట్ అనే ఆవిరి పడవ 1900 నుంచి తిరుగుతోంది. దాన్ని డంబార్టన్‌లో కట్టి, ముక్కలుగా విడదీసి, కొండల మీదుగా బండ్లపై తెచ్చి స్ట్రోనక్లాకర్‌లో మళ్లీ బిగించారట. కొన్నేళ్లు ఆగిపోయి 2023లో మళ్లీ నీళ్లలోకి దిగింది.

స్ట్రోనక్లాకర్ వదిలాక సరస్సు తల దగ్గర గ్లెన్‌గైల్ వస్తుంది. రాబ్ రాయ్ మెక్‌గ్రెగర్ 1671లో పుట్టింది ఇక్కడే. పశువుల వ్యాపారి, తర్వాత పశువుల దొంగ, ఇక్కడివాళ్లకు వీరుడు. కొంచెం ముందుకు పోతే నీళ్లలోకి చొచ్చుకుపోయిన ఒక చిన్న గట్టు, దాని చివర మెక్‌గ్రెగర్ల సమాధులు. సరస్సు మట్టం పెంచినప్పుడు ఇవి మునిగిపోకుండా కాపాడి ఇలా ఉంచారు. చుట్టూ నీళ్లు, మధ్యలో నాచు పట్టిన రాళ్లు. ఎంత నిశ్శబ్దమంటే నా సైకిల్ చైన్ చప్పుడు నాకే చిరాకు తెప్పించింది.

సరిగ్గా ఆ దగ్గర్లోనే నా వెనక టైరు పంక్చరైంది. సైకిళ్లు గ్లాస్గోలో ఒక షాపులో అద్దెకు తెచ్చాం, పేరెందుకులెండి. సంచిలో ట్యూబూ పంపూ ఇచ్చారు. ట్యూబుదేమో సన్న వాల్వు, పంపేమో లావు వాల్వుది! మా ఆయన పది నిమిషాలు దాంతో కుస్తీ పట్టారు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. దారిలో ఒక్క దుకాణం లేదు, అంతా కలిపి రెండు కొసల్లోనూ చెరో కఫే, అంతే. అరగంటకి తెల్ల గడ్డం పెద్దాయన ఒకాయన వచ్చి ఆగి, "యూ ఆల్ రైట్, హెన్?" అన్నాడు. హెన్ అంటే కోడిపెట్ట కాదు, ఇక్కడ ఆడవాళ్లను ప్రేమగా పిలిచే పిలుపు, మన 'అమ్మాయ్' లాగా. ఆయన పంపుతో రెండు నిమిషాల్లో పని అయిపోయింది. అద్దెకు తీసుకునేటప్పుడు పంపుని వాల్వుకి ఒకసారి తగిలించి చూడండి, ఇంతకంటే చెప్పేదేం లేదు.

ఆ అరగంటలో మిడ్జీలు మమ్మల్ని తినేశాయి. ఆవగింజంత ఉండే దోమల్లాంటివి, మేఘం లాగా కమ్ముతాయి. గాలి ఉన్నంతసేపు రావు, ఆగామంటే ముసురుతాయి. పులిహోర డబ్బా తెరిచి నడుస్తూనే తిన్నాం. వేసవిలో వెళ్తే వంటికి పూసుకునే మందు తప్పనిసరి.

ఇంకో ఫిర్యాదు. కార్లు లేని ఈ రోడ్డుకి చేరాలంటే మాకు కారే గతి అయింది. రైలు లేదు, పార్కింగుకి డబ్బు కట్టాలి. కారు వద్దనుకునేవాళ్లకు మేం వెళ్లిన మిగతా రెండూ కూడా రైలు దగ్గర్లో లేనివే. ఒకటి కాలండర్ నుంచి స్ట్రాథైర్ దాకా, సుమారు 9 మైళ్లు. అది పాత రైలు దారి, 1965లో గ్లెన్ ఓగల్‌లో కొండచరియ విరిగిపడి ఆ లైను మూతపడింది. ఎత్తులు తక్కువ, లోఖ్ లుబ్నైగ్ ఒడ్డున చెట్ల నీడ, కానీ చాలా చోట్ల మట్టీ కంకరా, చెట్ల వేళ్లు. సన్న టైర్లకు వద్దు. రెండోది పీబుల్స్ నుంచి ఇన్నర్‌లీథన్, ట్వీడ్ నది పక్కన. తారు వేశారు, దాదాపు చదును, చిన్నపిల్లలకు ఇంతకంటే మంచిది నేను చూడలేదు. కానీ అక్కడ నాకు దూరంగా కార్ల మోత వినిపిస్తూనే ఉంది.

కాట్రిన్‌కి ఐదుకి నాలుగున్నర ఇస్తాను. పోయిన ఆ అర మార్కు మిట్టలకు కాదు, దారి మధ్యలో ఒక్క టాయిలెట్ కూడా లేనందుకు.

ఆగస్టులో మళ్లీ వెళ్తున్నాం. పడవలో సైకిళ్లకు చోటు ముందే బుక్ చేశాను. పంపు కూడా సొంతంగా కొన్నాను, రెండు రకాల వాల్వులకూ పనిచేసేది.