బడి గ్రౌండుకు ఎమ్మెల్యే నిధులు మేలా, ఏటా వచ్చే గ్రాంటు మేలా?

బెంగళూరులో కేఆర్ పురం, మారతహళ్లి వైపు సర్కారు బడుల్లో పిల్లల్ని చదివిస్తున్న మన తెలుగువాళ్లు ఎస్‌డీఎంసీలో (తల్లిదండ్రులుండే బడి అభివృద్ధి, పర్యవేక్షణ కమిటీలో) చేరగానే అడిగే మాట ఇదే. గ్రౌండు బాగుపడాలంటే ఎమ్మెల్యే చుట్టూ తిరగాలా, బడికి వచ్చే గ్రాంటుతో సర్దుకోవాలా?

రూపాయల లెక్కలో అసలు పోటీయే లేదు. కర్ణాటకలో ఒక్కో ఎమ్మెల్యేకి నియోజకవర్గ అభివృద్ధి నిధి ఏడాదికి 2 కోట్లు, ఎంపీకి 5 కోట్లు. సమగ్ర శిక్షా అనే సర్కారు బడుల పథకం కింద బడి ఖర్చులన్నిటికీ కలిపి ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంటేమో 101 నుంచి 250 మంది పిల్లలుంటే 50 వేలు, 251 నుంచి 1000 దాకా ఉంటే 75 వేలు. కరెంటు బిల్లు, కుళాయి రిపేర్లు అన్నీ అందులోనే, పైగా కనీసం 10 శాతం శుభ్రతకు పోవాలి. విడిగా ఇచ్చే క్రీడల గ్రాంటు ప్రాథమిక బడికి 5 వేలు, ప్రాథమికోన్నత బడికి 10 వేలు, హైస్కూలుకు 25 వేల వరకు. బంతులు, స్కిప్పింగ్ తాళ్లు కొనుక్కోవచ్చు, జేసీబీ మాత్రం రాదు.

అయినా నా మొగ్గు చిన్న డబ్బు వైపే. ఎమ్మెల్యే, ఎంపీ నిధులు కట్టడానికి ఇస్తారు, కట్టినదాన్ని కాపాడటానికి ఇవ్వరు. ఆ బాధ్యత బడిదే. రిబ్బను కత్తిరించిన మరుసటి ఏడాది ఊయల కొక్కెం అరిగిపోతే కాంట్రాక్టరు ఫోనెత్తడు. కొత్త కొక్కేనికి డబ్బు మళ్లీ ఆ 50 వేలల్లోంచే తీయాలి. మాకు దగ్గర్లోని ఒక బడిలో మట్టి గ్రౌండు మీద పేవర్లు (సిమెంటు పలకరాళ్లు) పరిచారు. ఫొటోలో భలే ఉంది. రెండు వానాకాలాలకు కింది ఇసుక కొట్టుకుపోయి రాళ్ల మూలలు పైకి లేచాయి, పిల్లల బొటనవేళ్లు చితుకుతున్నాయి. ఇక కబడ్డీ ఆడే మాటే లేదు, పేవర్ల మీద ఎవడు పడతాడు? ఎర్రమట్టి గ్రౌండయితే ఏటా వానల తర్వాత రెండు ట్రాక్టర్ల మట్టి పోయించి రోలర్ తిప్పిస్తే చాలు. అది గ్రాంటులో సర్దుకోగల ఖర్చు, ఏటా వస్తుందన్న భరోసా కూడా ఉంది.

పల్లపు గ్రౌండు సంగతి వేరు. బెంగళూరులో తారు మీద తారు పోసుకుంటూ రోడ్లు పైకి లేచాయి, చాలా బడులు కిందే ఉండిపోయాయి. గేటు దగ్గరే వీధి నీళ్లన్నీ లోపలికి దూకుతుంటే గ్రాంటు ఏ మూలకూ సరిపోదు. అక్కడ ఎమ్మెల్యేనే అడగాలి. కానీ అర్జీలో ‘ప్లేగ్రౌండ్ అభివృద్ధి’ అని గుండుగుత్తగా రాస్తే పేవర్లే వస్తాయి. మట్టి నింపి చదును చేయడం, ఒక పక్కకు వాలు, అంచున కాలువ, ప్రహరీ గోడ అని విడివిడిగా రాయించండి. ఆట సామాను అందులో కలపకండి. ఎస్టిమేట్ కాపీ అడిగి తీసుకోండి. మనవాళ్లు కన్నడ రాయడం రాదని మీటింగుల్లో చివరి వరుసలో నోరు విప్పకుండా కూర్చుంటారు. తీర్మానం రాయడానికి టీచర్లు ఉన్నారు, అందులో ఏం రాయాలో చెప్పాల్సింది మీరు.

మిగతావి పెద్దగా చెప్పుకోనక్కర్లేదు. ఖేలో ఇండియా అనే కేంద్ర క్రీడల పథకం పెద్ద సదుపాయాలకు, మన వీధి బడికి కాదు. ఉపాధి హామీ పనులు గ్రామ పంచాయతీల్లోనే, నగరంలో కుదరవు. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ సర్కారు సొమ్ము కాదు, వస్తే కాదనకండి.

ఇంకొకటి, ఎవరినైనా అడగడానికి ముందే స్థలం ఎవరి పేరున ఉందో చెప్పే ఖాతా పత్రం, సర్వే స్కెచ్ చూసుకోండి. పాత బడుల్లో ఎప్పుడో దాత ఇచ్చిన స్థలం బడి పేరుకు మారకుండా ఇంకా ఆయన వారసుల పేరునే ఉండటం కద్దు. అలాంటి చోట ఫైలు ఇంజినీరు టేబుల్ దాకా కూడా పోదు.